పురుగుల మందు కాదు నాన్నా, నులిపురుగుల మందు

తణుకులో మెడికల్ షాపు ముందు నిలబడి మా నాన్న "పురుగుల మందు నాలుగు ఇవ్వు బాబూ" అన్నారండి. షాపతను నాన్న మొహంకేసి ఒకసారి, నా మొహంకేసి ఒకసారి చూసి, "నులిపురుగులకాండీ?" అని మెల్లిగా అడిగాడు. వరి పండే ఊళ్ళలో పురుగుల మందు అంటే అర్థం వేరే కదా, పెద్దాయన వచ్చి అది నాలుగు కావాలంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఆల్బెండజోల్ 400 అని నేను చెప్పాక ఊపిరి పీల్చుకుని నాలుగు తీసిచ్చాడు. అన్నీ కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు.

మేముండేది డాలస్ పక్కన. పోయినేడాది జులైలో మూడు వారాలు ఊరెళ్ళాం. మావాడికి ఆరేళ్ళు, మొదటి రోజే చెప్పులు అరుగు మీద వదిలేసి వెళ్ళినవాడు మళ్ళీ ఎయిర్‌పోర్టులోనే వేసుకున్నాడు అనుకోండి. కాలవ గట్టు, గేదెల పాక, బోరు కింద స్నానం, సెంటర్లో పానీపూరీ, ఒకటి కాదు. మా ఆవిడ రోజూ రాత్రి వాడి కాళ్ళు కడుగుతూ "వెళ్ళే ముందు అందరం ఆ టాబ్లెట్ వేసుకుని తీరాలి" అనేది. ఇది ఆవిడ సొంత ఆలోచనేం కాదు, ఇక్కడ మనవాళ్ళు ఏ నలుగురు కలిసినా వినపడే మాటే, ఇండియా నుంచి రాగానే ఒక డీవార్మింగ్ వేసేసుకుంటే ప్రశాంతం అని. అమెరికాలో అదే టాబ్లెట్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి, ఇన్సూరెన్స్ లేకపోతే ఒక్కోదానికి వంద డాలర్లు దాటిన రోజులు కూడా ఉన్నాయి, అందుకని అందరూ సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఇవీ తెచ్చుకుంటారు.

అమ్మకి ఈ టాబ్లెట్ గొడవే నచ్చలేదు. "మీకందరికీ వేసవి సెలవుల్లో ఆముదం పట్టించేదాన్ని, ఏమైపోయారు?" అంది. ఆముదం పట్టే రోజు మా ఇంట్లో యుద్ధమే, నేను అటకెక్కి దాక్కుంటే మా అక్క పట్టిచ్చేది. దాంతో కడుపు ఖాళీ అవడమే గానీ పేగుకి పట్టుకున్న కొంకి పురుగు (హుక్‌వార్మ్) ఊడొస్తుందని నేననుకోను. రాత్రి పళ్ళు కొరికితే నులిపురుగులు, బెల్లం ఎక్కువ తింటే నులిపురుగులు, ఇవన్నీ వింటూ పెరిగినవాళ్ళమే. బెల్లంలోంచి పురుగు రాదండి, మట్టిలోంచో కడగని చేతిలోంచో గుడ్డు నోట్లోకి వెళితేనే వస్తుంది. కొంకి పురుగైతే నోటి దాకా కూడా రానక్కర్లేదు, తడి మట్టిలో ఉన్న పిల్ల పురుగు ఉత్త కాలి చర్మంలోంచే లోపలికి దూరుతుంది. మావాడి చెప్పుల విషయంలో మా ఆవిడ భయం మరీ ఉత్తిదేం కాదన్నమాట.

మా అక్క గవర్నమెంట్ స్కూల్లో టీచరు. 2015 నుంచి నులిపురుగుల నిర్మూలన దినం అని ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో స్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకి ఈ టాబ్లెట్ ఇస్తారు కదా, రెండేళ్ళ లోపు వాళ్ళకి సగం నలిపి నీళ్ళలో కలిపి. ఇంటికి తీసుకెళ్తానంటే ఒప్పుకోరు, టీచరు కళ్ళ ముందే నమిలి మింగాలి. మరి పరీక్ష చెయ్యకుండా అందరికీ ఎలా ఇచ్చేస్తారు అనడిగా. "ఒక్కో పిల్లాడికి పరీక్ష చేసే ఖర్చుతో ఊరందరికీ మందు వస్తుందిరా, పైగా వీళ్ళు రోజూ ఆ మట్టిలోనే ఆడతారు, ఇవాళ పోయినా రేపు మళ్ళీ వస్తాయి, నీ కొడుకులాగా మూడు వారాల చుట్టాలు కాదు" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కూడా ఇలాంటిదే, పిల్లల్లో నూటికి 20 మందికి పైన ఈ పురుగులుండే చోట ఏడాదికోసారి, 50 దాటితే రెండుసార్లు. అమెరికా వాళ్ళు కూడా 1999 నుంచి కొన్ని ప్రాంతాల శరణార్థులకి విమానం ఎక్కే ముందే ఇదే మందు ఇస్తున్నారు. వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ బతికినవాళ్ళు. సెలవులకెళ్ళి వచ్చిన మనలాంటి వాళ్ళకి ఏ ఇబ్బందీ లేకుండానే వేసుకోమని అధికారికంగా ఎవరూ చెప్పట్లేదు.

ఇంత విన్నాక కూడా బయల్దేరే ముందు రాత్రి ముగ్గురం తలో టాబ్లెట్ నమిలాం. నాలుగోది నాన్న, "కొన్నాక పారేస్తామా" అని.

డాలస్ వచ్చిన వారం పదిరోజులకి మావాడికి మొదలైందండి. కుళ్ళిన గుడ్డు వాసన తేన్పులు, పొట్ట ఉబ్బరం, విరేచనం జిడ్డుగా తేలుతూ ఆ వాసన చెప్పలేను, జ్వరం మాత్రం లేదు. మా ఆవిడ "ఒక్కటి సరిపోలేదేమో, ఇంకోటి వేద్దామా" అంది, స్ట్రిప్ అయిపోయింది కాబట్టి సరిపోయింది గానీ ఉంటే వేసేవాళ్ళమే, అబద్ధమెందుకు.

పిల్లల డాక్టరు మలయాళీ ఆవిడ. మేము ఘనంగా డీవార్మింగ్ చేయించాం అని చెప్తే నవ్వి, "మా అమ్మ కూడా నాకు కొచ్చిన్‌లో అదే చేస్తుంది" అంది. స్టూల్ టెస్టులో జియార్డియా అని తేలింది. అది పురుగే కాదు, కంటికి కనపడని ఏకకణ జీవి, నీళ్ళలోంచి వస్తుంది, ఒంట్లో చేరిన వారం రెండు వారాలకి బయటపడుతుంది, ఒక్క ఆల్బెండజోల్ టాబ్లెట్‌కి లొంగదు. మూడు రోజులు రోజుకి రెండుసార్లు వేరే సిరప్ ఇచ్చారు, తగ్గిపోయింది. బోరు నీళ్ళో, పానీపూరీ నీళ్ళో, మా ఇద్దరికీ ఇంకా తెగలేదు, నీళ్ళు మరగబెట్టుంటే అసలు రాకపోవును అనేది మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

నన్ను బాగా దెబ్బకొట్టింది ఆ డాక్టరు చెప్పిన ఇంకో మాట. పోనీ మావాడికి నిజంగానే ఏలిక పాము (రౌండ్‌వార్మ్ అనే నులిపురుగు) గుడ్లు లోపలికెళ్ళాయనుకుందాం. గుడ్డు పేగులో పగిలి, పిల్ల పురుగు రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, దగ్గుతో గొంతులోకొచ్చి మళ్ళీ మింగబడి పేగులో చేరి పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ ఒక్క డోసు పేగులో ఉన్న పురుగుకి చక్కెర అందకుండా చేసి మాడ్చి చంపుతుంది గానీ ఊపిరితిత్తుల్లో షికారు చేసేదాన్ని పెద్దగా ఏం చెయ్యలేదు. అంటే విమానం ఎక్కే ముందు రాత్రి మేం వేసుకున్నది, దొంగ ఇంకా సందు చివర ఉండగానే ఇల్లంతా వెతికి ఎవరూ లేరని తలుపు గడియ పెట్టకుండా పడుకోవడం లాంటిది. అనుమానంగా ఉంటే ఒక రెండు మూడు నెలలాగి, వేర్వేరు రోజుల్లో మూడు స్టూల్ శాంపిళ్ళు, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) చూపించుకుంటే తెలిసిపోతుంది అంది. ఇంకో తమాషా, అమెరికాలో పిల్లలకి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే పురుగు పిన్‌వార్మ్, రాత్రిపూట వెనక దురద పెట్టేది. అది డేకేర్‌లో ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుంటుంది, దానికి తణుకు దాకా వెళ్ళక్కర్లేదు.

టాబ్లెట్ చెడ్డదని కాదండి, చాలామందికి ఏమీ కాదు. కానీ గర్భం మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోకూడదు. మెదడులో బద్దె పురుగు (టేప్‌వార్మ్) తిత్తులుంటే ఈ మందుకి అవి వాచి ఫిట్స్ రావచ్చట. మేం శాకాహారులం మాకు రావు అంటారు మావాళ్ళు కొందరు, ఆ తిత్తులొచ్చేది పంది మాంసంతో కాదు, బద్దె పురుగున్న మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా ముట్టుకున్న తిండితో, అది కొత్తిమీర చట్నీ అయినా సరే.

ఈ జులైకి మళ్ళీ టికెట్లు తీశాం. మా ఆవిడ ఫ్రిజ్ మీద లిస్టు అంటించింది, మొదటిది వాడికి బూట్లు, రెండోది నీళ్ళు మరగబెట్టే కెటిల్, ఆరోది "టాబ్లెట్లు 4, తణుకు". ఇంత తెలిశాక కూడా ఎందుకే అన్నాను. "ఉంటే పోయేదేముంది" అంది. పెన్ను చేతిలోనే ఉంది గానీ కొట్టెయ్యలేదు నేను.