మర్రి చుట్టూ 18 ఫొటోలు

హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లను ఎన్నిసార్లు ఫొటో తీశానో లెక్కలేదు, ఒక్కటీ నచ్చలేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ 46 కిలోమీటర్ల దారిలో వందలకొద్దీ ఉంటాయి, కొన్ని చోట్ల పందిరి కింద పోతున్నట్టే ఉంటుంది. ఫొటోలోకి వచ్చేసరికి మాత్రం ఓ ఆర్టీసీ బస్సు, రెండు ఫ్లెక్సీలు, కరెంటు తీగలు, వాటి వెనకాల ఎక్కడో చెట్టు.

పెప్ వెంటోసా అని కాటలోనియాలో పుట్టిన ఫొటోగ్రాఫర్ ఉన్నారు. ఆయన చెట్టు చుట్టూ తిరుగుతూ బోలెడు ఫొటోలు తీసి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచేస్తారు. మధ్యలో ఉన్న మాను నిలబడుతుంది, చుట్టూ ఉన్న ఊరంతా కుంచెతో అలికినట్టు కరిగిపోతుంది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్రపట్టలేదు.

మొదట మా కాలనీ వేపచెట్టు మీద ప్రయోగం. పార్క్ చేసిన కార్ల మధ్య దూరుతూ తీశాను, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. వచ్చింది పీచుమిఠాయి. అందుకని చేవెళ్లలో మాను నుంచి పన్నెండు అడుగులు లెక్కపెట్టుకుని, స్క్రీన్ మీద గ్రిడ్ గీత మాను మధ్యలో పడేట్టు చూసుకుంటూ నడిచాను. అదీ అర్ధచంద్రం వరకే, రెండో వైపు లారీలు.

అక్కడే మక్క కంకులు కాలుస్తున్న ఒకావిడ విసనకర్ర ఆపి అడిగింది, "సర్వేకొచ్చిన్రా సారూ? ఈ చెట్టు గూడ కొట్టేస్తరా?"

ఈ చెట్లు కొట్టి రోడ్డు వెడల్పు చేసే గొడవ, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లిన చోట, చెట్టు దగ్గర అడుగులు లెక్కపెట్టేవాణ్ని చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. కాదమ్మా, ఊరికే ఫొటోలు అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో ఫొటోలని ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టడం అసలు పని. అన్నిటికంటే కిందున్న ఫొటోని అలాగే ఉంచి, రెండోదాని ఓపాసిటీ (కిందివాటిని ఎంత కప్పాలన్న శాతం) 50, మూడోది 33, నాలుగోది 25, అంటే వందని వరస నంబరుతో భాగించుకుంటూ పోవడమే, పద్దెనిమిదో దానికి వచ్చేసరికి ఐదున్నర. అప్పుడే అన్నిటికీ సమాన వాటా. అన్నిటికీ 50 పెట్టేశారంటే పైనున్న ఫొటో ఒక్కటే సగం ఆక్రమించేస్తుంది (నేను చేశాను, రెండు గంటలు దండగ).

ఈసారి కుదిరింది. మాను మీది తెల్లసున్నం పట్టీ గట్టిగా నిలిచింది, ఊడలు బొగ్గుతో గీసినట్టు వచ్చాయి, తీగలు మాయం, బస్సు ఒక ఎర్రటి చార. మా ఫ్రెండ్ "ఇది ఫిల్టర్ కదరా" అన్నాడు. అననీ. ఆ చెట్టు కింద నిలబడితే నాకు కనిపించేది ఇలాగే.

తర్వాతి ఆదివారం వెళ్లి ఆ కంకులావిడకి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసింది, వేలితో అటూ ఇటూ జరిపింది.

"చెట్టు మంచిగొచ్చింది. నా బండేది బిడ్డా?"

నేను కదులుతున్నకొద్దీ బండి ఒక్కో ఫొటోలో ఒక్కో చోట పడింది, చివరికి పొగ రంగు మరకైంది. ఆ మాట చెప్పలేక విడి ఫొటోలు తెరిచాను. ఏడోదాంట్లో ఉంది, విసనకర్ర పట్టుకుని, నా వైపే అనుమానంగా చూస్తూ.

"గిది పంపు మా పిలగానికి," అని నంబరు చెప్పింది.