ఆకురాలు కాలంలో ఒక్కరోజు శిఖర నడక: నా అనుభవం

కవిత్వంలో ఆకులు శిశిరంలో రాలతాయి. చలి ప్రాంతాల కొండల మీది చెట్లకు అంత ఓపిక ఉండదు, శరత్తులోనే దులిపేసుకుంటాయి. ఆ నాలుగైదు వారాలే నాకు కొండ నడకకు ఇష్టమైన రోజులు. పురుగూ పుట్రా తగ్గుతాయి, గాలి తేటగా ఉంటుంది. జనం పెద్దగా వెళ్లని శిఖరాలైతే మరీ హాయి. కాకపోతే ఈ కాలంలో కాళ్లకన్నా ముందు వెలుతురు అయిపోతుంది. అందుకే నా లెక్క సాయంత్రం దగ్గర మొదలై పొద్దుటికి వెనక్కి నడుస్తుంది.

సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యాక, 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పగలు రోజుకు దాదాపు 3 నిమిషాల చొప్పున తగ్గుతుంది. రెండు వారాల్లో ముప్పావుగంట చిక్కిపోయినట్టే. పైగా లోయలో అయితే సూర్యుడు అస్తమయానికి చాలా ముందే కొండ వెనక్కి పోతాడు.

నడకకు పట్టే సమయానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట. ఉదాహరణకు రెండు శిఖరాలు చుట్టి వచ్చే 14 కిలోమీటర్ల దారి అనుకుందాం. మొదటి శిఖరానికి 800 మీటర్లు ఎక్కాలి. అక్కణ్ణుంచి కనుమలోకి 200 మీటర్లు దిగి, రెండో శిఖరానికి మళ్లీ 200 ఎక్కాలి. ఈ రెండో 200నే చాలామంది మరిచిపోతారు. మొత్తం ఎక్కుడు 1000 మీటర్లు. దూరానికి 2 గంటల 48 నిమిషాలు, ఎక్కుడుకు గంటా 40 నిమిషాలు, కలిపితే నాలుగున్నర. బాట ఆకుల కింద ఉంటుంది కాబట్టి ఇంకో మూడో వంతు కలుపుతాను: ఆరు. తినడానికీ మ్యాపు చూడటానికీ ఒక గంట: ఏడు. అస్తమయం ఐదున్నరకైతే నాలుగున్నరకల్లా కింద ఉండాలి. తొమ్మిదిన్నరకు బయల్దేరినా చాలునని కాగితం అంటుంది, నేను ఎనిమిదికే కదులుతాను. ఆ గంటన్నర దారి తప్పడానికి, చీలమండ బెణకడానికి. ఒంటిగంటలోపు కనుమ చేరకపోతే రెండో శిఖరం ఆ రోజుకు లేనట్టే. అయితే కనుమ నుంచి నేరుగా కిందికి దిగే దారి ఉందో లేదో ఇంట్లోనే మ్యాపులో చూసుకోవాలి. లేకపోతే ఆ నిర్ణయం మొదటి శిఖరం మీదే తీసుకోవాలి.

ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, గాలి దెబ్బ అదనం. అయినా చలిలో అసలు శత్రువు చెమటే. మొదటి పావుగంట కాస్త వణుకు అనిపించేంత పలచగా బయల్దేరతాను. వెచ్చగా బయల్దేరినవాళ్లు అరగంటకే లోపలి చొక్కా తడిపేసుకుని, పైన గాలిలో ఆగిన రెండో నిమిషం నుంచి వణుకుతారు. నూలు చొక్కా అయితే తడి ఆరదు, ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటుంది. ఆగాలనుకున్నప్పుడు, చలి వేశాక కాదు, ఆగిన క్షణమే జాకెట్ తొడగాలి. గ్లవ్స్ రెండు జతలు. నీళ్లు రెండున్నర లీటర్లు, ఎందుకంటే మ్యాపులో కనిపించే చిన్న వాగులు ఈ కాలానికి ఎండిపోయి ఉండొచ్చు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కనుక ఫోన్ లోపలి జేబులో. వేటకు అనుమతి ఉన్న అడవైతే నారింజ రంగు చొక్కా తప్పనిసరి.

ఇక ఆకులు. ఎండుటాకులు రాళ్ల సందుల్ని నింపేసి నేల చదునుగా ఉన్నట్టు చూపిస్తాయి, అడుగు వేస్తే పాదం చీలమండ దాకా దిగుతుంది. తడి ఆకులు వేరు మీదో వాలు బండ మీదో పరుచుకుంటే సబ్బు రాసినట్టే. దిగేటప్పుడు ముందు కర్రతో పొడిచి చూసి, మడమ కాకుండా పాదమంతా ఒకేసారి ఆనించాలి. బాట కోసం కాళ్ల దగ్గర వెతికితే దొరకదు. తలెత్తి ఇరవై మీటర్ల అవతల కొమ్మల మధ్య ఖాళీ చూడాలి. రంపంతో కోసిన దుంగ, అరిగిపోయిన వేరు, చెట్టు మీద రంగు గుర్తు, వీటిలో ఏదో ఒకటి కనిపించాలి. ఆకులు గుంతలో చేరతాయి కాబట్టి లోతైన బాట తివాచీలా కనిపిస్తుంది. అయితే వాన నీరు కోసిన పాయ కూడా అచ్చం అలాగే ఉంటుంది, మోసపోయేది అక్కడే. వంద అడుగుల్లో ఒక్క గుర్తూ దొరక్కపోతే ముందుకు పోను, ఆఖరి గుర్తు దగ్గరికి తిరిగొస్తాను.

జనం తిరగని శిఖరం మీద ఇంకో చిక్కు, దిగే దిక్కు. ఎక్కేటప్పుడు అన్ని గట్లూ పైకే కలుస్తాయి, తప్పు దానంతటదే సర్దుకుంటుంది. దిగేటప్పుడు అవే గట్లు విడిపోతాయి. పొగమంచు కమ్మితే నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. అందుకని మబ్బు ఉన్నా లేకపోయినా సంచి దించకముందే మ్యాపు మీద దిక్సూచి పెట్టి దిగాల్సిన దిక్కు డిగ్రీల్లో రాసుకుంటాను, దిక్సూచి ముల్లు చూపే అయస్కాంత ఉత్తరానికీ మ్యాపు ఉత్తరానికీ ఉన్న తేడా సరిచేసి మరీ. పది డిగ్రీల పొరపాటు కిలోమీటరు నడిచేసరికి దాదాపు 175 మీటర్లవుతుంది. పక్క లోయలోకి దిగిపోవడానికి అది చాలు. నీడ వైపు బండల మీద మధ్యాహ్నమైనా మంచు పొర కరగదు, చేత్తో తడిమితే గానీ తెలియదు.

దిగడం మొదలుపెట్టే ముందు బూటు లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టాలి, లేకపోతే బొటనవేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. కర్రలు అయిదారు సెంటీమీటర్లు పొడవు చేసుకోవాలి. కదల్లేని స్థితి వస్తే నిమిషానికి ఆరు ఈలలు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. బదులుగా నిమిషానికి మూడు వినిపిస్తే మీ ఈల విన్నారని అర్థం.

హెడ్‌ల్యాంప్‌ను సంచి అడుగున పెట్టకండి, పై జేబులో ఉంచండి. పొగమంచులో దాన్ని నుదుటి మీద వెలిగిస్తే కళ్లముందు తెల్ల గోడ తప్ప ఏమీ కనిపించదు. తీసి నడుము దగ్గర చేత్తో పట్టుకుంటే వెలుగు నేల మీద అడ్డంగా పడి, ప్రతి వేరూ ప్రతి రాయీ పొడవాటి నీడతో పైకి లేస్తాయి.