రెండూ ఒకే తాళంలో

నిన్న రాత్రి రెండు దాటినా నిద్రపోలేదు. ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో కొన్న డీడీఆర్4 ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) వేగాన్ని 4000కి పెంచితే, గేమ్ ముందుకన్నా తడబడింది. చాలా టెన్షన్ పడ్డాను. 4000 అంటే అసలు క్లాక్ 2000 మెగాహెర్ట్జే, ఒక్కో క్లాక్‌కి డేటా రెండుసార్లు వెళ్తుంది కదా. నా రైజెన్ 5600ఎక్స్ ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్, ఆ 2000ని అందుకోలేదు. దాంతో ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ సగం వేగంతో, 1000 దగ్గరే నడిచింది. ర్యామ్‌ని అడిగిన ప్రతిసారీ జవాబు ఆలస్యమే.

ర్యామ్‌ని 3600కి, అంటే అసలు క్లాక్ 1800కి దించి, ఫ్యాబ్రిక్‌ని కూడా 1800కే పెట్టాను. ఎంత హాయిగా నడుస్తోందో! పొద్దున చెన్నై ఉక్కలో నాలుగు గంటలు మెమరీ టెస్ట్ నడిపాను, ఒక్క ఎర్రర్ లేదు. వెంటనే ఒంగోలులో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను.