ఆకుపచ్చ పల్స్‌కు ఆలస్యం ఎంత?

ఈరోజంతా రెండు లేజర్ల ప్రయోగం: యూవీ పల్స్ ద్రావణంలో రాడికల్స్‌ను (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన అణువులు) పుట్టిస్తుంది, కాస్త ఆగి ఆకుపచ్చ పల్స్ వాటిని ఉత్తేజపరుస్తుంది. పదార్థం బెంజోఫీనోన్ అనే కర్బన సమ్మేళనం. ఐసోప్రొపనాల్‌లో సుమారు 5 మిల్లీమోలార్ ద్రావణం, 1 సెంటీమీటరు క్వార్ట్జ్ సెల్. 355 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత) 0.5 చుట్టూ ఉంటే చాలు. ఇంకా చిక్కగా కలిపితే కాంతంతా ముందు గోడ దగ్గరే ఆగిపోతుంది. రాడికల్స్ అక్కడే గుమిగూడి, ఒకదానితో ఒకటి జతకట్టి అయిపోతాయి.

పొద్దున అరగంట ఆర్గాన్ బబ్లింగ్, ద్రావణంలోని ఆక్సిజన్‌ను తరిమేయడానికి. గాలి తగిలిన ద్రావణంలో ఆక్సిజన్ దాదాపు 2 మిల్లీమోలార్ ఉంటుంది, దాని చేతికి చిక్కిన కీటైల్ రాడికల్ (హైడ్రోజన్ చేరిన బెంజోఫీనోన్) పావు మైక్రోసెకను బతికితే గొప్ప. ఆర్గాన్‌ను ముందు వేరే సీసాలోని ఐసోప్రొపనాల్ గుండా పంపాలి. లేదంటే సెల్‌లో ద్రావకం ఆవిరైపోయి గాఢత పెరుగుతుంది.

355 పల్స్ బెంజోఫీనోన్‌ను ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితికి చేరుస్తుంది. ఆ ట్రిప్లెట్ 50 నానోసెకన్ల ప్రాంతంలో ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ లాక్కుని కీటైల్ అవుతుంది. కీటైల్ శోషణ శిఖరం (కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) 545 నానోమీటర్లు, ట్రిప్లెట్‌ది 525. రెండో లేజర్, అంటే ఆకుపచ్చది, 532. అసలు చిక్కంతా ఇదే! ఆకుపచ్చ పల్స్ తొందరపడితే తగిలేది రాడికల్‌కా, ట్రిప్లెట్‌కా చెప్పలేం. అందుకే ఆలస్యం 1 మైక్రోసెకను పెట్టాం. అప్పటికి ట్రిప్లెట్ ఖాళీ, రాడికల్స్ మాత్రం ఇంకా నిండుగానే ఉంటాయి.

ఆకుపచ్చ కిరణం యూవీ మచ్చ కన్నా కాస్త వెడల్పుగా పడాలి. అంచుల్లో తగలని రాడికల్స్ మిగిలితే 545 దగ్గర బ్లీచింగ్ (రాడికల్స్ శోషణ తగ్గడం) ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. అలైన్‌మెంట్‌కు తక్కువ శక్తి, తెల్ల విజిటింగ్ కార్డు. 355 కంటికి కనపడదు గానీ కార్డు మీద నీలంగా మెరుస్తుంది. కళ్లద్దాలు రెండు తరంగదైర్ఘ్యాలనూ ఆపేవే ఉండాలి.

ఉత్తేజిత కీటైల్ బతికేది కొద్ది నానోసెకన్లే. 532 ఫోటాన్ ఇచ్చే 2.33 ఎలక్ట్రాన్ వోల్టులతో అది మామూలు కీటైల్ ఇవ్వలేని చోటికి కూడా ఎలక్ట్రాన్ ఇవ్వగలదు. కానీ ఆ ఎలక్ట్రాన్‌ను అందుకునే గ్రహీత అణువు దాని పక్కనే ఉండాలి, అంటే గ్రహీత గాఢత బాగా పెంచాలి.

ఒక్క యూవీ లేజర్‌తోనే చేసి, లేజర్ శక్తికి సిగ్నల్ గీసిన లాగ్-లాగ్ గ్రాఫ్ వాలు 2 వచ్చిందని రెండు ఫోటాన్ల చర్య అనేయడం నాకు నచ్చదు. ట్రిప్లెట్-ట్రిప్లెట్ అనైహిలేషన్ (రెండు ట్రిప్లెట్లు ఢీకొని శక్తి ఒకదానికి చేరడం) కూడా అదే వాలు ఇస్తుంది. యూవీ ఒక్కటే, ఆకుపచ్చ ఒక్కటే, రెండూ కలిపి: ఈ మూడూ కొలిచాకే మాట్లాడాలి.

మధ్యాహ్నానికి ద్రావణం పసుపెక్కింది. కీటైల్స్ బెంజీన్ వలయం పారా స్థానంలో (వలయానికి ఎదురు మూల) జతకడితే వచ్చే రంగు పదార్థాలవి, 355 కాంతిని అవే మింగేస్తాయి. గాలి తగిలితే ఆ రంగు పోతుంది గానీ మళ్లీ ఆర్గాన్ పని మొదటికొస్తుంది. రేపటి నుంచి ఫ్లో సెల్, పల్స్ పల్స్‌కీ కొత్త ద్రావణం.