కొంచెం జరిగి కూర్చోండి

మన బడి బ్యాచ్ కలిసే రోజుకి వేస్తున్న సంచికకి రెండు పేజీలు రాసివ్వమని కమిటీ తరఫున పెరుగన్నం (బడిలో పెట్టుకున్న మారుపేర్లే ఇక్కడా వాడుతున్నాను) మూడుసార్లు ఫోన్ చేసింది. "మొత్తం బడి గురించి రాయక్కర్లేదురా, నీకు గుర్తున్నది రాయి చాలు" అంది. నాకు గుర్తున్నది ఒక్క తొమ్మిదో తరగతి. అందులోనూ మెట్ల కింది గది, మూడో బెంచీ, మనకి పాఠం చెప్పిన కన్యాస్త్రీ సిస్టరమ్మ. ఆరు, ఏడు, ఎనిమిది ఎక్కడికి పోయాయో తెలీదు. పదో తరగతిలో పరీక్షలు రాసినట్టు సర్టిఫికెట్ చెబుతోంది. తాతయ్య గంట, మంగళవారం సాంబారు, డ్రిల్లు మాస్టారి సైకిలు గురించి బుల్లెట్టు ఎలాగూ రాస్తాడు, వాడికే వదిలేస్తున్నాను.

ఏ సిస్టరమ్మ అని మన బ్యాచ్‌లో ఎవరూ అడగరు.

ఆ ఏడాది వానలకి మేడమీది గది కారడంతో జ్ఞానోపదేశం వినే క్రైస్తవ పిల్లల్నీ నీతిబోధ వినే మిగతావాళ్ళనీ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. మూడో బెంచీలో నేను, బుల్లెట్టు, పొడుగోడు, చివర బెల్లం. ఆవిడ లోపలికి రాగానే మొదటి మాట అదే కదా: "కొంచెం జరిగి కూర్చోండి నాయనా. మీ పక్కనున్నాయనకి చోటు వద్దూ?" పక్కనున్నాయన అంటే కావలిదూత, మనిషిని కాపాడుతూ వెంట ఉండే దేవదూత. మేమంతా జరిగేవాళ్ళం. జరిగిన ప్రతిసారీ బెల్లం సగం బెంచీ బయట గాల్లో ఉండేవాడు. నెల రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు లేచి నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, మరి నాకు? నాకు జ్ఞానస్నానం అవలేదుగా. నా పక్కన ఎవరన్నా ఉన్నట్టా, లేనట్టా?"

వాడు నీతిబోధ వైపువాడు, జ్ఞానస్నానం అంటే బాప్తిస్మం. గది నిశ్శబ్దమైపోయింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆవిడ సుద్దముక్క చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టవచ్చు. చెప్పలేదు. "మంచి ప్రశ్న అడిగావు. రేపు చెప్తాను" అంది.

మర్నాడు ఫాదర్ల గ్రంథాలయం నుంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి మోసుకొచ్చింది. మధ్యలో కాగితం ముక్కలు పెట్టి ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు (సెయింట్ థామస్ అక్వినాస్) సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నాడట, కావలిదూత మనిషికి జ్ఞానస్నానంతో వస్తాడా, పుట్టుకతోనా అని. ఆయన చెప్పిన జవాబు, పుట్టుకతోనే అని. జ్ఞానస్నానంతో వచ్చే వరాలు వేరే ఉన్నాయి, కావలి మాత్రం మనిషిగా పుట్టిన ప్రతివాడికీ ఉందని. అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే పునీత జెరోము, ఒక్కో ఆత్మకి పుట్టినప్పటినుంచే ఒక దూతని నియమించాడంటే మనిషి ఆత్మ ఎంత విలువైనదో చూడండని రాశాడట. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం తీసి, ఈ చిన్నవారి దూతలు పరలోకంలో తండ్రి ముఖాన్ని ఎప్పుడూ చూస్తుంటారని ప్రభువు అన్న చోటు చదివింది. చదివి పుస్తకం మూసి బెల్లం దగ్గరికి వచ్చింది.

"నువ్వు పుట్టిననాడే వచ్చాడు నాయనా. నీకు తెలియదంతే."

బెల్లం ఏమీ మాట్లాడలేదు. బెంచీ మీదున్న సంచి తీసి కింద పెట్టాడు. కుడిపక్క జానెడు చోటు ఖాళీ చేసి కూర్చున్నాడు. ఆ జానెడు చోటు ఏడాది పొడుగునా అలాగే ఉంది. పొడుగోడు ఒకసారి అక్కడ టిఫిన్ డబ్బా పెట్టబోతే బెల్లం తీసి కింద పెట్టాడు.

1984 అక్టోబరు 2 మంగళవారం. పొద్దున గాంధీగారి పటానికి దండ వేసి, జెండా దగ్గర పాట పాడి, మిఠాయి తీసుకున్నాక సిస్టరమ్మ మనల్ని బస్సులో మద్రాసు పారీస్ కార్నరుకి తీసుకెళ్ళింది. దేశానికి గాంధీ జయంతి, శ్రీసభకి, అంటే కతోలిక సంఘానికి, కావలిదూతల పండుగ. రెండూ ఒకేరోజు రావడం ఆవిడకి చెప్పలేనంత సంతోషం. 1670లో పదవ క్లెమెంటు పాపుగారు (పోపు) ఈ పండుగని శ్రీసభ మొత్తానికీ ఇచ్చారని బస్సు కమ్మీ పట్టుకుని ఊగుతూ చెప్పింది. అర్మీనియన్ వీధిలో ఆ గుడి సన్మనస్కుల మాత, అంటే దేవదూతల తల్లి మరియమ్మ, పేరు మీద ఉంది. 1658లో కపూచిన్ సన్యాస సభ గురువులు కట్టిన చోటు. మంగళవారం కాబట్టి పునీత అంతోనివారి కోసం వచ్చిన జనం వీధి చివరిదాకా ఉన్నారు. చీర కొంగుల్లో కొవ్వొత్తులు, చేతుల్లో పూలదండలు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ, పెట్టుకోనివాళ్ళూ. పన్నెండు కొట్టగానే త్రికాల జపానికి గంట మోగింది. మూడేసి దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు. గబ్రియేలు మరియమ్మ దగ్గరికి వచ్చిన సంగతి చెప్పుకునే జపం. అంత జనంలోనూ మన తొమ్మిదో తరగతి ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం.

దేవదూతల్ని మా ఇంట్లో సన్మనస్కులు అంటాం. అమ్మానాన్నలు ఫిరంగిపురం నుంచి వచ్చినవాళ్ళు. పెరంబూరులో మా పక్కింటి తమిళ ఆంటీ సమ్మనసు అనేది. రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలని సిస్టరమ్మే చెప్పింది. చచ్చిపోయినవాళ్ళు దూతలైపోతారన్నది మాత్రం ఒప్పుకునేది కాదు. మన రైసుమిల్లుగాడి చెల్లి పోయినప్పుడు అందరం "సన్మనస్కురాలైపోయింది" అన్నాం కదా. సిస్టరమ్మ వాడిని ఒళ్ళోకి తీసుకుని చెప్పింది: "మీ చెల్లి దేవుడి దగ్గర మీ చెల్లిగానే ఉంటుంది. దూతలు వేరే సృష్టి, వాళ్ళకి శరీరం లేదు. రెక్కలు బొమ్మలు గీసేవాళ్ళు పెట్టినవి. మీ చెల్లికి శరీరం ఉంది, అది మళ్ళీ లేస్తుంది." పదమూడేళ్ళ వాడికి అంత స్పష్టంగా చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

బుల్లెట్టు తన దూతకి పేరు పెట్టాడని తెలిసినప్పుడు కూడా అంతే. మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు, ఈ మూడు పేర్లే లేఖనంలో ఉన్నాయి, నాలుగోది మనం పెట్టకూడదు అంది. 2001లో రోము నుంచి వచ్చిన భక్తి నిర్దేశికలో అచ్చం ఇదే మాట చదివినప్పుడు ఆవిడ గొంతే వినిపించింది నాకు. వాళ్ళకి మొక్కడం కాదు, మనకోసం ప్రార్థించమని అడగడం అని కూడా ఆవిడ చెప్పిందే. "దూత అన్నది చేసే పని పేరు నాయనా, వాళ్ళ స్వభావం ఆత్మ" అనేది. అది పునీత అగస్తీను మాటని చాలాకాలానికి తెలిసింది.

బైబిల్లోని తోబీతు గ్రంథం చెప్పిన వారం రోజులూ ఎవరూ సెలవు పెట్టలేదు. అజర్యా అని పేరు చెప్పుకుని రఫాయేలు తోబియాతో నడిచిన దారి, టిగ్రిసు నదిలో చేప, దాని పిత్తం ముసలి తండ్రి కళ్ళకి రాస్తే చూపు రావడం. బెల్లానికి మాత్రం వాళ్ళ వెంట నడిచిన కుక్క కావాలి. "కుక్క తిరిగొచ్చిందా సిస్టరమ్మా?" అని రోజూ అడిగేవాడు. తిరిగొచ్చింది, పదకొండో అధ్యాయంలో ఉంది.

ఆ తర్వాత నా సంగతి మీకు తెలిసిందే. నాన్న రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేశారు, నేను రైల్వేలోనే అసిస్టెంటుగా చేరి, గూడ్సు తోలి, ఇప్పుడు బీచ్–తాంబరం ఎలక్ట్రిక్ బండికి మోటార్‌మన్‌ని. పెద్దమ్మాయి నర్సు, చిన్నది సిగ్నలింగ్‌లో ఇంజనీరు. నేను దాటుకుంటూ వెళ్ళే సిగ్నళ్ళ పని నా బిడ్డ చేస్తోందంటే ఒకోసారి పచ్చదీపం చూసి కళ్ళు చెమ్మగిల్లుతాయి.

క్యాబులో నేనొక్కడినే. ఎడమచేయి డెడ్‌మాన్ హ్యాండిల్ నొక్కిపట్టే ఉండాలి, వదిలితే బండి తనంతట తానే ఆగుతుంది. గార్డు పన్నెండు పెట్టెల అవతల, ఆఖరి క్యాబులో. 2022 జనవరి నుంచి ట్రైన్ మేనేజర్ అనమన్నారు, నా నోటికి గార్డే వస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ ఆయన మొహం నాకు కనబడదు. తలుపుల దగ్గర ఎవరు వేలాడుతున్నారో, ఎవరు ఎక్కుతూ జారారో నాకు తెలీదు, ఆయన చూస్తాడు. ఆయన కొట్టే గంట రెండుసార్లు వినిపిస్తే కదులుతాను. బీచ్ స్టేషన్లో దిగి చివరలు మారేటప్పుడు ప్లాట్‌ఫారం మధ్యలో ఎదురవుతాం. ఆయన చేతిలో జెండాలు, నా చేతిలో సంచి. తలూపుకుని ఎవరి దారిన వాళ్ళం పోతాం. చోటు లేకపోయినా నేను మొదటిరోజు నుంచీ సీట్లో కొంచెం ఎడమకి జరిగే కూర్చుంటున్నాను. అది ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పదకొండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, రెండు స్టేషన్ల మధ్య, పట్టాల మీద ఒక మనిషి. దాటుతున్నాడో, నిలబడ్డాడో నాకు ఈనాటికీ తెలియదు. తెల్లచొక్కా. హారను మోగుతూనే ఉంది, అత్యవసర బ్రేకు వేశాను. వేగంలో ఉన్న బండి వేసినచోట ఆగదు. ఆగాక కంట్రోలుకి చెప్పాను, రాయాల్సింది రాశాను. చెయ్యి మాత్రం చాలాసేపు హ్యాండిలు మీద నుంచి రాలేదు.

నెలరోజులు అన్నం సయించలేదు. చివరికి సిస్టరమ్మని వెతుక్కుంటూ వృద్ధ సిస్టర్లు ఉండే మఠానికి వెళ్ళాను. ఎనభై దాటింది, నన్ను గొంతుతో గుర్తుపట్టింది. "అందరికీ ఉంటాడన్నారు కదమ్మా. అతని కావలివాడు ఏం చేశాడు ఆ పొద్దున?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

ఈసారి రేపు చెప్తాననలేదు. "గెత్సెమని తోటలో ప్రభువు దగ్గరికి దూత వచ్చాడు కదా నాయనా. సిలువ తప్పించాడా? బలం ఇచ్చాడు. బిచ్చగాడు లాజరు ధనవంతుడి గుమ్మంలో కుక్కలు నాకుతుండగా పోయాడు, దూతలే మోసుకెళ్ళారు అబ్రహాము ఒడికి. ఆ మనిషి ఒంటరిగా పోలేదు. నీ బండి రాకముందే అతని పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు." కాసేపాగి, "పేరు తెలిసిందా?" అంది. తెలియలేదన్నాను. "మరి పేరు లేకుండానే అతనికోసం గుళ్ళో పూజ చెప్పించు" అంది. బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, ఆ హ్యాండిలు పట్టే చెయ్యే, నుదుటికి ఆనించుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళకి ఆవిడ వెళ్ళిపోయింది. మట్టిపూజలో, అంటే అంత్యక్రియల్లో, సన్మనస్కులు నిన్ను పరలోకానికి తోడ్కొని వెళ్తారుగాక అని గురువు చదువుతుంటే నా పక్కన బెల్లం ఉన్నాడు, బొట్టుతో, పంచెతో. బెంచీ మీద మా ఇద్దరి మధ్యా జానెడు చోటు.

ఆ పేరులేని పూజ సంగతి వాడికి ఆ రోజే చెప్పాను. నాకు డ్యూటీలు అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి తనే చూసుకుంటానన్నాడు. అప్పటినుంచి ప్రతి అక్టోబరు 2న కొట్టు మూసి అర్మీనియన్ వీధికి వెళ్తాడు. మొదటి ఏడు కౌంటరులో కుర్రాడు పూజ ఎవరి పేరు మీద అని అడిగితే, పేరు తెలీదు, పట్టాల మీద పోయిన అన్న అని రాయమన్నాడట. ఆ కుర్రాడు అలాగే రాశాడు. ఆ రసీదులన్నీ బెల్లం కొట్లో గల్లాపెట్టెలో, లెక్కల పుస్తకం కింద, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. కావాలంటే కలిసే రోజున తెమ్మంటాను, చూడండి.