ఎయిర్‌పోర్ట్‌లో పది రోజులు బండి పెట్టి పోవాలంటే

అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కి బండి మీద పోవడం కష్టమేం కాదు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే సిటీ ట్రాఫిక్ తగలకముందే దేవనహళ్లి వచ్చేస్తుంది. చిక్కంతా బండిని అక్కడ రోజుల తరబడి వదలడంలోనే.

సెంటర్ స్టాండే వేయండి. సైడ్ స్టాండ్ ఎండకు మెత్తబడిన తారులోనో, వానకు నానిన మట్టిలోనో దిగబడిందంటే బండి ఒరుగుతుంది, పక్కనున్నవాటినీ పడేస్తుంది. సెంటర్ స్టాండ్ లేని బండికి స్టాండ్ కింద అరచేయంత నాపరాయి ముక్క చాలు. తాడిపత్రి వైపు వాళ్లకు దానికి కరువా!

హ్యాండిల్ లాక్‌తో పాటు ముందు చక్రానికి డిస్క్ లాక్ వేస్తే మంచిది. దాన్ని మరిచి బండి కదిలిస్తే ఆ లాక్ చక్రంతో పాటు తిరిగి కాలిపర్‌కు, అంటే డిస్క్‌ను పట్టే బ్రేకు భాగానికి, కొట్టుకుంటుంది. అందుకే గుర్తుకోసం యాక్సిలరేటర్‌కు ఎర్రగుడ్డ కట్టండి.

జీపీఎస్ బిగించిన బండిలో బ్యాటరీ పాతదైతే పది రోజుల్లో దిగిపోవచ్చు. కిక్కర్ లేకుంటే ఇక తోయడమే. అందుకే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, కాకపోతే అప్పుడు జీపీఎస్ పనిచేయకపోవచ్చు. పాజిటివ్ ముందు తీస్తే స్పానర్ ఫ్రేముకు తగిలి షార్ట్ కావచ్చు. ఆ స్పానర్‌ను చేతి బ్యాగులో వేసుకోవద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. బండి సీటు కిందే పెట్టండి.

కార్బురేటర్ బండికి పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. పార్కింగ్ చీటీ బండిలో వదలొద్దు, ఫోటో తీసి జేబులో పెట్టుకోండి.