యోసేపు ఎముకలు మోసినవాళ్ళు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి దేవుని వాగ్దానంగా ఒక బైబిల్ వచనం రాసున్న కార్డు) తీసుకోవడం మన తెలుగు సంఘాల్లో అందరికీ తెలిసిందే, ఇక్కడ బెంగళూరులో మా సంఘంలోనూ ఉంది, నాకు చాలా ఇష్టం కూడా. కానీ ఆ కార్డుని మనం ఒక్క సంవత్సరానికి తీసుకుంటాం, మళ్ళీ డిసెంబర్ వచ్చేలోపు జరిగిపోవాలి అనుకుంటాం. పితరులకి, అంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకి దేవుడిచ్చిన వాగ్దానాలు అలా లేవు, ఒక మనిషి ఆయుష్షుకి సరిపోయేవే కావు.

అబ్రాహాము హారాను నుంచి బయల్దేరేటప్పటికి 75 ఏళ్ళు, కొడుకు ఇస్సాకు పుట్టేసరికి 100. ఈ కనాను దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు మాటిచ్చాడు, తీరా భార్య శారా చనిపోతే పాతిపెట్టడానికి సొంత చోటు లేక ఎఫ్రోను అనే అతని దగ్గర మక్పేలా గుహ, పొలం 400 తులాల వెండి పోసి కొనుక్కున్నాడు. పైగా నీ సంతానం పరాయి దేశంలో 400 ఏళ్ళు బాధలు పడి నాలుగో తరంలో తిరిగొస్తుందని దేవుడు ముందే చెప్పేశాడు (ఆదికాండము 15). ఆలస్యం ఉందని దాచకుండా చెప్పిన దేవుడు కాబట్టే నాకు ఆయన మాట మీద ఇంకా నమ్మకం.

మొన్న మారతహళ్ళిలో బైబిల్ స్టడీలో ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు, "అన్నా, యోసేపు వాళ్ళ నాన్నని కనానుకి తీసుకెళ్ళి మక్పేలాలో పాతిపెట్టాడు కదా, మరి తనని కూడా వెంటనే తీసుకెళ్ళమని ఎందుకు చెప్పలేదు?" నిజమే, యోసేపు అబ్రాహాము మునిమనవడు, యాకోబు కొడుకు, ఐగుప్తంతా ఆయన చేతికింద ఉంది, చెప్తే కాదనేవాళ్ళెవరు? కానీ ఆయన అడిగింది వేరు. దేవుడు తప్పకుండా మిమ్మల్ని చూడ్డానికి వస్తాడు, అప్పుడు మీరు వెళ్ళేటప్పుడు నా ఎముకలు తీసుకెళ్ళండి అని తనవాళ్ళ చేత ప్రమాణం చేయించుకుని 110 ఏళ్ళకి చనిపోయాడు. శవాన్ని సిద్ధం చేసి ఐగుప్తులోనే ఒక పెట్టెలో ఉంచారు. నాకనిపించేది ఏంటంటే, తర్వాత ఐగుప్తులో బానిసలై ఇటుకలు చేస్తూ దెబ్బలు తిన్న తరాలకి ఆ పెట్టె అక్కడ ఉండటమే ఒక సాక్ష్యం, మనం ఇక్కడివాళ్ళం కాదు, వెళ్ళిపోతాం అని.

ఆ బానిసత్వం నుంచి విడుదల వచ్చినప్పుడు, వాళ్ళని నడిపించిన మోషే ఆ ఎముకలు మర్చిపోలేదు (నిర్గమకాండము 13). తర్వాత అరణ్యంలో 40 ఏళ్ళు, బయల్దేరిన పెద్దవాళ్ళు యెహోషువ, కాలేబు తప్ప దారిలోనే రాలిపోయారు, మోషే కూడా, అయినా ఎముకలు ముందుకే వెళ్ళాయి. మోసినవాళ్ళలో యోసేపుని చూసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు! చివరికి షెకెములో, ఎప్పుడో యాకోబు నూరు వరహాలకి కొన్న పొలంలో పాతిపెట్టారు, అది యోసేపు సంతానానికే స్వాస్థ్యమైంది. యెహోషువ పుస్తకం చివరి అధ్యాయంలో ఇదంతా ఒక్క వచనమే, చాలామంది గబగబా చదివేస్తారు.

మా అమ్మమ్మ నెల్లూరులో ఉన్నన్నాళ్ళూ మా మామయ్య మారాలని ప్రార్థన చేసింది, చూడకుండానే వెళ్ళిపోయింది. మామయ్య ఇంకా గుడికి రాలేదు. అమ్మ చేసేది, ఇప్పుడు ఆ ప్రార్థన నేనూ చేస్తున్నా, జవాబు రాలేదని మానేసేది లేదు.

వచ్చే వారం యిర్మీయా 32 చదువుతున్నాం. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ఉంటే, కాపలాలో బందీగా ఉన్న ప్రవక్త యిర్మీయా అనాతోతులో పొలం 17 తులాల వెండికి కొని, క్రయపత్రాలు మట్టికుండలో పెట్టించాడు. ముందే చదివి రండి, దీని గురించి చాలా మాట్లాడాలి.